ఓట్ల కాపలాదారు ఓట్లు అడగవచ్చా?

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా పట్టణానికి దగ్గరలో మా అక్కయ్య కొడుకు కుటుంబంతో స్థిరపడ్డాడు. అక్కడి పౌరసత్వం వచ్చింది కాబట్టి ఓటు హక్కు కూడా ఉంది. ఈ మధ్య ఫోన్ చేసి, సలాం కలాం అయ్యాక ఒక సందేహం అడిగాడు.

"మామూ, మా రాష్ట్రంలో ఎన్నికలు నిర్వహించే అధికారిని కూడా ఎన్నికల ద్వారానే ఎన్నుకుంటారు. ఒక్కో పార్టీ తరఫున ఒక్కో అభ్యర్థి నిలబడి, నాకు ఓటేయండి, మీ ఓట్లను నేను కాపాడతానని ప్రచారం చేసుకుంటారు. పదవిని కోరుకునేవాడికి పదవి ఇవ్వకూడదని దైవప్రవక్త (స) చెప్పారని మీరే మాకు చిన్నప్పుడు నేర్పారు. మరి బ్యాలెట్ లో ఆ ఒక్క గడిని నేను ఖాళీగా వదిలేస్తే తప్పా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చూసి చెబుతానన్నాను. చూసిన కొద్దీ, ఈ ప్రశ్న జార్జియాకే పరిమితం కాదనీ, మన మొహల్లాల దాకా వస్తుందనీ అర్థమైంది. అందుకే పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచుతున్నాను.

ముందు ఆ పదవి ఏమిటో తెలుసుకుందాం. దాని పేరు సెక్రటరీ ఆఫ్ స్టేట్. మన పత్రికల్లో ఈ పేరు చూడగానే అమెరికా విదేశాంగ మంత్రి గుర్తుకొస్తారు. అది కేంద్ర ప్రభుత్వంలోని పదవి. రాష్ట్రాల్లో అదే పేరుతో వేరే పదవి ఉంది. అక్కడ మనకున్నట్లు దేశమంతటికీ ఎన్నికలు జరిపే ఒకే ఎన్నికల సంఘం లేదు. ఏ రాష్ట్రం ఎన్నికలను ఆ రాష్ట్రమే జరుపుకుంటుంది. చాలా రాష్ట్రాల్లో ఓటర్ల జాబితా, నిబంధనలు, చివరకు ఫలితాన్ని ధ్రువీకరించడం వంటి పనుల్లో పెద్ద బాధ్యత ఈ సెక్రటరీదే. 30కి పైగా రాష్ట్రాల్లో ఈ పదవిని ప్రజల ఓటుతోనే భర్తీ చేస్తారు. కొన్నిచోట్ల గవర్నర్ నియమిస్తారు. 2026 నవంబర్ బ్యాలెట్ లో జార్జియాతో సహా అనేక రాష్ట్రాల్లో ఈ పదవి కూడా ఉంది.

ఇక ధర్మం ఏమంటుందో చూద్దాం. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) తన తెగవారిద్దరిని వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్ళారు. ఆ ఇద్దరూ తమకు ఏదైనా పదవి ఇప్పించమని అడిగారు. పదవిని అడిగేవారికి, దాని మీద ఆశ పెట్టుకున్నవారికి తాము ఈ పని అప్పగించమని ఆయన (స) స్పష్టం చేశారు. ఆ తర్వాత నోరు తెరిచి అడగని అబూ మూసా (రజి)నే యమన్ కు పంపారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ సంఘటన ఉంది. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ సమురా (రజి)కి చేసిన ఉపదేశంలో దీనికి కారణం కూడా తెలుస్తుంది. అడిగి తెచ్చుకున్న పదవిలో మనిషిని అతని మానాన అతన్ని వదిలేయడం జరుగుతుంది. అడగకుండా వచ్చిన పదవిలో దైవసహాయం తోడవుతుంది. హజ్రత్ అబూజర్ (రజి) వంటి పుణ్యాత్ముడికే ఆయన (స), పదవి ఒక అమానతు అనీ, దాని హక్కు నెరవేర్చినవారికి తప్ప మిగతావారికి ప్రళయదినాన అది అవమానంగా, పశ్చాత్తాపంగా మిగులుతుందనీ హెచ్చరించారు.

ఏ పదవికైనా ఈ హెచ్చరిక వర్తిస్తుంది. ఓట్లు లెక్కించే పదవికి మరీ ఎక్కువగా వర్తిస్తుందని నాకనిపిస్తుంది. ఎందుకంటే ఈ అధికారి చేతిలో ఉండేది త్రాసు. ఇతరుల నుంచి తీసుకునేటప్పుడు నిండుగా కొలిచి, ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారిని ఉద్దేశించి దివ్య ఖుర్ఆన్ లో ఒక సూరాయే అవతరించింది (83వ సూరా). మనం దాన్ని కిరాణా కొట్టువాడికి మాత్రమే వర్తింపజేసి ఊరుకుంటాం. మనిషి అభిప్రాయాన్ని కొలిచే త్రాసు బియ్యం తూచే త్రాసు కన్నా చిన్నదేమీ కాదు.

జరిగిన చరిత్ర చూడండి. 2000లో అధ్యక్ష ఎన్నికల ఫలితం ఒక్క ఫ్లోరిడా రాష్ట్రం దగ్గర ఆగిపోయింది. దాదాపు 60 లక్షల ఓట్లలో చివరకు తేలిన తేడా 537. ఆ ఫలితాన్ని ధ్రువీకరించిన సెక్రటరీ కేథరిన్ హారిస్, అదే ఎన్నికలో ఆ రాష్ట్రంలో జార్జ్ బుష్ ప్రచార సంఘానికి సహాధ్యక్షురాలు కూడా. ఆమె లెక్క తప్పని నేను అనడం లేదు. అది తేల్చే శక్తి నాకు లేదు. కానీ ఒక పక్షం జెండా పట్టుకున్న చెయ్యే త్రాసు కూడా పట్టుకుంటే, లెక్క సరిగ్గా ఉన్నా ఎవరు నమ్ముతారు? 2004లో ఒహాయో రాష్ట్రంలోనూ ఇదే కథ. అక్కడి సెక్రటరీ కెన్ బ్లాక్ వెల్ కూడా ఆ రాష్ట్రంలో బుష్ ప్రచారానికి సహాధ్యక్షుడే.

ఇంకా విచిత్రమైనది 2018లో జరిగింది. జార్జియా సెక్రటరీగా ఉన్న బ్రయాన్ కెంప్ గవర్నర్ పదవికి పోటీ చేస్తూ, పోలింగ్ రోజు దాకా ఆ పదవిలోనే కొనసాగారు. అంటే తాను అభ్యర్థిగా ఉన్న ఎన్నికకు తానే పర్యవేక్షకుడు. గెలిచారు. ఫలితాల తర్వాత రాజీనామా చేశారు. ఆ ఓటమి బాధ, ఆ అనుమానం అక్కడివారిలో సంవత్సరాల తరబడి పోలేదు. అదే ఏడాది కాన్సాస్ లో క్రిస్ కోబాక్ సెక్రటరీగా ఉంటూనే, గవర్నర్ పదవి కోసం తన పార్టీ లోపలి ఎన్నికలో పోటీ చేశారు. తేడా చివరకు 343 ఓట్లు. ప్రత్యర్థి అభ్యంతరం చెప్పాక లెక్కింపు నుంచి తప్పుకున్నారు గాని, ఆ పనిని అప్పగించింది తన కింద పనిచేసే సహాయకుడికే! ఇది ఒక పార్టీ జబ్బు మాత్రమే అనుకోకండి. 2022లో అరిజోనాలో డెమోక్రటిక్ పార్టీకి చెందిన సెక్రటరీ కేటీ హాబ్స్ గవర్నర్ గా పోటీ చేసి, పదవి వదలకుండానే, దాదాపు 17 వేల ఓట్ల తేడాతో గెలిచారు.

ఇక్కడ నాకు హిజ్రీ 23వ సంవత్సరం (క్రీ.శ. 644) గుర్తొచ్చింది.

హజ్రత్ ఉమర్ (రజి) కత్తిపోట్లకు గురై మరణశయ్య మీద ఉన్నారు. తర్వాతి ఖలీఫాను ఎన్నుకునే బాధ్యతను ఆరుగురు సహాబాలకు అప్పగించారు. తన కుమారుడు హజ్రత్ అబ్దుల్లాహ్ (రజి)ని సంప్రదింపుల్లో కూర్చోనిచ్చారు గాని, పదవిలో మాత్రం ఆయనకు ఏ భాగమూ లేదని ముందే చెప్పేశారు. ఆ ఆరుగురిలో ముగ్గురు తమ అభ్యర్థిత్వాన్ని మిగతా ముగ్గురికి వదిలారు. మిగిలినవారు హజ్రత్ అలీ (రజి), హజ్రత్ ఉస్మాన్ (రజి), హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి). అప్పుడు అబ్దుర్రహ్మాన్ (రజి) మిగతా ఇద్దరినీ ఒక మాట అడిగారు. మీలో ఎవరు ఈ పోటీ నుంచి తప్పుకుంటారో, ఎంపిక చేసే పని వారికి అప్పగిద్దాం అన్నారు. ఇద్దరూ మౌనంగా ఉండిపోయారు. అయితే నేనే తప్పుకుంటాను, ఎంపిక నాకు వదులుతారా అని అడిగారు. వారు ఒప్పుకున్నారు.

గమనించండి. ఆయనకు అర్హత లేక కాదు, స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఆయన ఒకరు. అయినా ఎంపిక చేసే చెయ్యి, ఎంపిక కావలసిన చెయ్యి ఒకటే కాకూడదని ఆయనకు తెలుసు. ఆ చెయ్యి ఎంత పవిత్రమైనదైనా సరే. ఆ తర్వాత ఆయన ఊరికే కూర్చోలేదు. మదీనాలో జనాభిప్రాయం సేకరిస్తూ తిరిగారు. హజ్రత్ మిస్వర్ బిన్ మఖ్రమా (రజి) ఇంటి తలుపు అర్ధరాత్రి తట్టి, నువ్వు నిద్రపోతున్నావు, నాకు మాత్రం ఈ మూడు రాత్రులూ సరైన నిద్రే లేదని చెప్పుకున్నారు. అభ్యర్థులిద్దరితోనూ విడివిడిగా ప్రమాణం తీసుకున్నారు: ఎన్నికైతే న్యాయం చేయాలి, వేరేవారు ఎన్నికైతే విని విధేయత చూపాలి. ఓడిపోతే ఒప్పుకుంటానన్న మాట లెక్కింపు తర్వాత కాదు, ముందే తీసుకున్నారు! 14 వందల ఏళ్ళ క్రితం.

ఇంతవరకు చదివితే మా మేనల్లుడి వాదనే నిజమనిపిస్తుంది. ఆ గడి ఖాళీగా వదిలేయవచ్చు అనిపిస్తుంది. కానీ దివ్య ఖుర్ఆన్ మనల్ని అంత సులభంగా వదలదు. ప్రవక్త యూసుఫ్ (అలై) వృత్తాంతం ఉంది కదా. ఆయన ఈజిప్టు రాజును స్వయంగా అడిగారు, దేశపు కోశాగారాల బాధ్యత తనకు అప్పగించమని (12:55). ప్రవక్త అడిగినదాన్ని తప్పనగలమా?

దీని గురించి ఇమామ్ ఖుర్తుబీ (రహ్మలై) తన తఫ్సీర్ లో చర్చించారు. ఆ పనిని న్యాయంగా చేయగల మరో మనిషి అక్కడ లేడని యూసుఫ్ (అలై)కి తెలుసు, అటువంటి స్థితిలో అడగటం తప్పు కాదు, బాధ్యత అవుతుందని వివరించారు. మరో చక్కని విషయం కూడా అందులో ఉంది. ఆయన తన వంశాన్ని చెప్పుకోలేదు, అందాన్ని చెప్పుకోలేదు. కాపాడగలను, ఆ పని నాకు తెలుసు అనే రెండే అర్హతలు చెప్పుకున్నారు. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది దానికి ముందు జరిగినది. రాజు కబురు పంపినా ఆయన చెరసాల నుంచి బయటకు రాలేదు. ముందు తన మీద పడిన నింద సంగతి విచారించమన్నారు (12:50). కోశాగారం తాళం చెవి అడిగే ముందు తన మీద విచారణ తానే కోరుకున్నారు. పదవి అడిగేవాళ్ళలో ఇలాంటివాళ్ళు ఎందరుంటారు?

కాబట్టి అడగటం అన్నింటా ఒకేలాంటిది కాదు. కొందరు పదవి కోసం అడుగుతారు. కొందరు అది అపాత్రుల చేతిలో పడకూడదని అడుగుతారు. లోపలి ఉద్దేశం అల్లాహ్ కే తెలుసు. మనకు కనిపించేది పరీక్ష సమయంలో మనిషి చేసిన పని మాత్రమే.

అలాంటి పరీక్ష జార్జియాలోనే 2020లో వచ్చింది. అప్పటి సెక్రటరీ బ్రాడ్ రాఫెన్స్ పెర్గర్, రిపబ్లికన్ పార్టీ తరఫున 2018లో ఎన్నికైనవారు. డొనాల్డ్ ట్రంప్ కే ఓటేశానని బహిరంగంగా చెప్పుకున్నవారు. దాదాపు 50 లక్షల ఓట్లు పోలైతే ట్రంప్ 11,779 ఓట్ల తేడాతో ఓడారు. చేత్తో ఒకసారి మొత్తం లెక్కించారు, యంత్రాలతో మళ్ళీ లెక్కించారు. ఫలితం మారలేదు. 2021 జనవరి 2న ట్రంప్ స్వయంగా ఫోన్ చేసి, తనకు 11,780 ఓట్లు వెతికి పెట్టమన్నారు. ఓడిన తేడా కన్నా సరిగ్గా ఒకటి ఎక్కువ! ఆ సెక్రటరీ ఒప్పుకోలేదు. ఆయనకు, ఆయన భార్యకు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. సొంత పార్టీవారే ద్రోహి అన్నారు. అయినా లెక్క లెక్కగానే ఉండిపోయింది.

ఆయన ముస్లిం కాదు. ఆయన రాజకీయాలన్నీ మనకు నచ్చాలనీ లేదు. 2021లో జార్జియా తెచ్చిన ఎన్నికల చట్టాన్ని ఆయన సమర్థించారు, దాని మీద పౌరహక్కుల సంఘాలు కోర్టుకెక్కాయి. కానీ న్యాయం మీద నిలబడండి, అది మీకు, మీ తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే అని అల్లాహ్ (4:135) విశ్వాసులను ఆదేశించాడు కదా. ఆ ఆదేశం ఎలా ఉంటుందో ఆ ఒక్క విషయంలో ఆయన చేసి చూపించారు. చెప్పుకోవడానికి మనకు కొంచెం సిగ్గుగానే ఉండాలి. 2022 మే నెలలో పార్టీ లోపలి ఎన్నికలో ట్రంప్ మద్దతున్న అభ్యర్థిని ఓడించి, నవంబర్ లో మళ్ళీ అదే పదవికి గెలిచారు. అదే ఏడాది 2020 ఫలితాన్ని ఒప్పుకోని అభ్యర్థులు ఈ పదవికి అరిజోనా, నెవాడా, మిషిగన్ లలో పోటీ చేసి ఓడిపోయారు. వయోమింగ్ లో అలాంటి అభ్యర్థే గెలిచారు.

ఇప్పుడు ఆలోచించండి. జార్జియా ఓటర్లలో న్యాయం కోరేవారంతా ఆ గడిని ఖాళీగా వదిలేసి ఉంటే ఏమయ్యేది?

మరైతే ఈ పదవికి ఎన్నికే వద్దు, నియామకం మేలు అని కొందరంటారు. ఫ్లోరిడాలో 2003 నుంచి అదే చేశారు, గవర్నరే నియమిస్తారు. కానీ 2000లో ఫ్లోరిడా గవర్నర్ ఎవరు? పోటీలో ఉన్న అభ్యర్థికి స్వయానా తమ్ముడు, జెబ్ బుష్! నియమించేవాడి మీద అనుమానం ఉంటే నియమితుడి మీద ఉండదా? మన దేశంలో రాజ్యాంగం 324వ అధికరణ కింద ఎన్నికల సంఘం నియామకం ద్వారానే ఏర్పడుతుంది. 2023 మార్చిలో సుప్రీంకోర్టు, ఆ ఎంపిక సంఘంలో ప్రధానమంత్రి, ప్రతిపక్ష నాయకులతో పాటు భారత ప్రధాన న్యాయమూర్తి ఉండాలని చెప్పింది. అదే ఏడాది డిసెంబర్ లో పార్లమెంటు చేసిన చట్టం న్యాయమూర్తి స్థానంలో ప్రధాని ఎంచుకునే ఒక కేంద్ర మంత్రిని కూర్చోబెట్టింది. కనుక వారిని చూసి మనం నవ్వుకోవడానికి ఏమీ లేదు.

ఎన్నికకు ఉన్న ఇంకో చిక్కు విరాళాలు. ప్రచారానికి డబ్బు కావాలి, ఇచ్చేవాళ్ళకు లెక్కలుంటాయి. జకాత్ వసూలుకు వెళ్ళిన ఒక వ్యక్తి తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చిందని చెప్పినప్పుడు దైవప్రవక్త (స)కు కోపం వచ్చింది. అమ్మానాన్నల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుకలు ఇతనికి వచ్చేవా అని మింబర్ మీద నుంచి ప్రశ్నించారు. ఏ అభ్యర్థి విరాళాల జాబితా చూసినా ఈ ప్రశ్న వేసుకోవచ్చు. దీనికి నా దగ్గర పరిష్కారం లేదు.

ఇక ఓటు సంగతి. ఓటు అంటే ఒక రకంగా షహాదత్, అంటే సాక్ష్యం అని ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మలై) వంటి ఉలమా వివరించారు. ఫలానా వ్యక్తి ఈ పనికి తగినవాడని మనం సాక్ష్యమిస్తున్నాం. సాక్ష్యాన్ని దాచేవాడి హృదయం పాపభూయిష్టమని అల్లాహ్ హెచ్చరించాడు (2:283). ఇద్దరూ సమానంగా అపాత్రులైతే మౌనంగా ఉండటంలో అర్థముంది. ఒకరు మరొకరి కన్నా త్రాసును నిటారుగా పట్టుకుంటారని తెలిసి కూడా, ఇద్దరూ అడిగారు కాబట్టి ఇద్దరూ ఒకటే అని తప్పుకుంటే అది భక్తి అనిపించుకోదు, సోమరితనం అవుతుంది. పదవి అడగవద్దన్న హెచ్చరిక అడిగేవాడి మెడ మీద ఉంది. సాక్ష్యం చెప్పమన్న ఆదేశం మన మెడ మీద ఉంది. అతని భారాన్ని చూపించి మన భారం దించుకోలేం.

మేనల్లుడికి ఫోన్ లో ఇదంతా చెప్పాను. అతను అడిగాడు, "మరి ఎవరు నిటారుగా పట్టుకుంటారో నాకెలా తెలుస్తుంది మామూ? అందరూ నిజాయితీపరులమనే చెబుతారు కదా." రెండు విషయాలు అడిగి చూడమన్నాను. మీ పార్టీ ఓడిపోతే ఆ ఫలితం మీద సంతకం పెడతారా? మీ పేరే బ్యాలెట్ మీద ఉన్న రోజున లెక్కింపును, మీ కింద పనిచేయని మరొకరికి అప్పగిస్తారా? నన్ను ఎన్నుకోండి, మన పార్టీని గెలిపిస్తాను అనే అర్థం వచ్చేలా మాట్లాడేవాడు ఆ మాటతోనే తన మీద తాను సాక్ష్యం చెప్పుకున్నట్లు.

ఇంత చెప్పి ఫోన్ పెట్టేశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొన్నేళ్ళ క్రితం మా మస్జిద్ కమిటీ ఎన్నిక జరిపే బాధ్యత నాకు అప్పగించారు. నేను అడగలేదు, పెద్దలు అప్పగించారు. అధ్యక్ష పదవికి నిలబడిన ఇద్దరిలో ఒకరు నా బావమరిది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, నేనూ తప్పుకోలేదు. లెక్కింపులో ఒక చీటీ మీద ముద్ర రెండు గడుల మధ్య గీత మీద పడింది. కొంచెం మా బావమరిది గడి వైపు జరిగినట్లు నాకు కనిపించింది. ఆయనకే లెక్క వేశాను. ఆయన ఒక్క ఓటు తేడాతో గెలిచారు. ఆ చీటీ చెల్లదనుకుని ఉంటే ఇద్దరికీ సమానం అయ్యేది. అది నిజంగా అటువైపే జరిగి ఉందా, లేక నా కళ్ళే అటువైపు జరిగాయా, ఇప్పటికీ చెప్పలేను. జార్జియా సంగతి చదువుతున్నంతసేపు ఆ చీటీ నా కళ్ళ ముందు ఆడుతూనే ఉంది.

తోటి మనుషుల హక్కు వాళ్ళు క్షమిస్తే తప్ప తీరదని ప్రసంగాల్లో ఎన్నోసార్లు చెప్పినవాణ్ణి. మరుసటి జుమా నమాజు తర్వాత ఓడిపోయిన ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్ళి, జరిగింది జరిగినట్లు చెప్పి క్షమించమన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చాయ్ తెప్పించి ఇలా అన్నారు: "ఓడిపోయినందుకు నాకు బాధ లేదు మౌల్వీ సాబ్. ఆ చీటీ ఆ రోజే నాకొకసారి చూపించి ఉంటే, మీరు ఎటు వేసినా ఒప్పుకునేవాణ్ణి. సందేహం ఉన్న చీటీ ఒకటుందని పక్కన నిలబడిన పిల్లలు చెబితే తెలిసింది నాకు." క్షమించానన్నారు. వచ్చే ఎన్నికకు కమిటీలో ఎవరి బంధువూ కాని మనిషిని పక్క మొహల్లా నుంచి పిలుద్దామని, సందేహం ఉన్న ప్రతి చీటీని ఇద్దరు అభ్యర్థులకూ చూపించాలని ఇద్దరం కలిసి రాసి కమిటీకి ఇచ్చాం. మా బావమరిదికి ఈ సంగతి ఇంకా మింగుడు పడలేదు.

మొన్న మేనల్లుడు మళ్ళీ ఫోన్ చేశాడు. ఆ రెండు ప్రశ్నలూ రాసి అభ్యర్థుల కార్యాలయాలకు ఈమెయిల్ పంపాడట. ఒకరి దగ్గర నుంచి జవాబు వచ్చిందట. రెండోవారి నుంచి వచ్చింది విరాళం అడిగే కాగితం.